మేడ మీదికి నెట్ ఏ దారిన వెళ్లాలి: గాలిలోనా, కరెంటు తీగలోనా?

కాకినాడలో మా అక్క వాళ్లది కింద రెండు గదులు, పైన రెండు గదులు ఉన్న ఇల్లు. ఫైబర్ కనెక్షన్ ఇచ్చిన కుర్రాళ్లు తీగ ఎక్కడ లోపలికి వచ్చిందో అక్కడే, కింద హాల్లో టీవీ వెనక రౌటర్ పెట్టి వెళ్లిపోయారు. దాన్ని ఆనుకునే ఇనప బీరువా. తీసుకున్నది 100 ఎంబీపీఎస్ ప్లాను. హాల్లో సోఫా మీద కూర్చుంటే ఫోనులో 90 దాకా చూపించేది. మేడ మీద మేనల్లుడి గదిలో 3, 4 దాటేది కాదు. వాడు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాడు. మీటింగ్ మధ్యలో బొమ్మ ఆగిపోగానే ల్యాప్‌టాప్ పట్టుకుని మెట్ల మీదికి పరిగెత్తేవాడు. "మావయ్యా, వైఫై రిపీటర్ కొనమంటావా, ప్లగ్గులో పెడితే కరెంటు తీగల్లోంచి నెట్ వస్తుందట, ఆ అడాప్టర్ కొనమంటావా?" అని అడిగాడు.

దుకాణంలో అడిగితే ఏది స్టాకులో ఉంటే అదే మంచిదంటారు. ఈ ప్రశ్నకు జవాబు ఇంటి గోడల్లో, ఆ గోడల్లో దాగిన వైరింగ్‌లో ఉంటుంది. అందుకే ఏదీ కొనకుండా ముందు ఫోనులో సిగ్నల్ కొలిచే యాప్ ఒకటి వేసుకుని ఇల్లంతా తిరిగాం.

ఆ యాప్ చూపించే అంకె మైనస్‌లో ఉంటుంది, డీబీఎం అంటారు. హాల్లో మైనస్ 45. మెట్ల మలుపులో మైనస్ 62. పైగదిలో మైనస్ 81. చూడటానికి పెద్ద తేడా అనిపించదు. కానీ ఈ కొలతలో 10 తగ్గిందంటే సిగ్నల్ శక్తి పదో వంతుకు పడిపోయినట్టు. 45 నుంచి 81కి పోయిందంటే హాల్లో అందే శక్తిలో దాదాపు నాలుగువేలవ వంతు పైగదికి చేరుతోందన్నమాట.

మరి ఆ శక్తి ఎక్కడికి పోయింది? వైఫై తరంగాలు ముఖ్యంగా రెండు పట్టీల్లో (ఫ్రీక్వెన్సీ బ్యాండ్లలో) నడుస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్ తరంగం బెత్తెడు కూడా ఉండదు. తరంగం పొట్టిదయ్యేకొద్దీ గోడలు దాటడం కష్టమవుతుంది. అందుకే అదే గదిలో 5 గిగాహెర్ట్జ్ దూసుకుపోతుంది, రెండు గోడలు అడ్డొస్తే 2.4 నయమనిపిస్తుంది. మన ఇళ్లకు శ్లాబు ఉంటుంది. అందులో అడ్డంగా నిలువుగా కట్టిన ఇనప చువ్వల వల, దాని చుట్టూ మందపాటి కాంక్రీటు. ఇనుము తరంగాన్ని వెనక్కి కొడుతుంది, కాంక్రీటు మింగేస్తుంది. పైగదికి అందే కాస్త సిగ్నల్‌లో ఎక్కువ భాగం శ్లాబు దాటి వచ్చింది కాదు, మెట్ల దారిలో గోడలకు తగిలి తగిలి ఎక్కి వచ్చింది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రౌటర్‌కి ఉండే పుల్లలాంటి యాంటెన్నా నిటారుగా నిలబెడితే సిగ్నల్‌ని పక్కలకు బాగా పంపుతుంది, సరిగ్గా తల మీదికి చాలా తక్కువ. అంటే రౌటర్‌కి నేరుగా పైన ఉన్న గదికే అన్యాయం జరుగుతుంది. రెండు పుల్లలుంటే ఒకటి పడుకోబెట్టి చూడండి, దమ్మిడీ ఖర్చు లేదు.

అపార్ట్‌మెంట్లలో బాధ వేరు. హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లో వైఫై జాబితా తెరిస్తే పాతిక పేర్లు కనిపిస్తాయి. 2.4 పట్టీలో ఒకదానిమీద ఒకటి పడకుండా ఇమిడేవి మూడే చానళ్లు: 1, 6, 11. ఒక చానల్‌లో ఒకసారికి ఒకరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగాలి. పక్కింటివాళ్లు సినిమా చూస్తుంటే మన ఫోను తన వంతు కోసం కాచుకుంటుంది. రిపీటర్ అంటే రౌటర్ మాటను అందుకుని మళ్లీ చెప్పే పెట్టె. అది పెడితే ప్రతి మాటా రెండుసార్లు చెప్పాల్సి వస్తుంది, రౌటర్ నుంచి దానికి ఒకసారి, దాని నుంచి మనకు ఒకసారి. రెండూ ఒకే చానల్‌లో జరిగితే వేగం సగానికి పడిపోతుంది. పైగా చాలామంది దాన్ని సిగ్నల్ చచ్చిపోయిన గదిలోనే పెడతారు. అక్కడ దానికే ఏమీ వినపడదు, మనకేం చెబుతుంది?

ఇక కరెంటు తీగ సంగతి. ఇది కొత్త ఆలోచనేం కాదు. 132 కేవీ, 220 కేవీ సబ్‌స్టేషన్ పక్కనుంచి వెళ్లేటప్పుడు చూడండి, లైను మొదట్లో డ్రమ్ములాంటి పెద్ద తీగచుట్ట వేలాడుతుంటుంది. దాన్ని వేవ్ ట్రాప్ అంటారు. సబ్‌స్టేషన్ల మధ్య ఫోను మాటలు, రక్షణ సంకేతాలు ఆ హైటెన్షన్ తీగల మీదే దశాబ్దాలుగా నడిచాయి. ఆ సంకేతం దారి తప్పి సబ్‌స్టేషన్ యంత్రాల్లోకి పోకుండా ఆ చుట్ట అడ్డుకుంటుంది.

ఇంట్లో పెట్టే పవర్‌లైన్ అడాప్టర్‌ది కూడా అదే సూత్రం. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అడాప్టర్ పంపే సంకేతం పాత రకాల్లో 2 నుంచి 28 మెగాహెర్ట్జ్ మధ్య ఊగుతుంది, కొత్త రకాల్లో ఇంకా పైకి పోతుంది. 10 మెగాహెర్ట్జ్ అంటే కరెంటు కంటే రెండు లక్షల రెట్లు వేగం. మధ్యలో చిన్న కెపాసిటర్ ఒకటి పెడితే చాలు, నెమ్మదిగా ఊగే 230 వోల్టులను ఆపేస్తుంది, వేగంగా ఊగే సంకేతాన్ని పోనిస్తుంది. ఇలాంటి అడాప్టర్ల కోసం 2001లో వచ్చిన మొదటి హోమ్‌ప్లగ్ ప్రమాణం వేగం 14 ఎంబీపీఎస్. 2005లో హోమ్‌ప్లగ్ ఏవీతో 200కి పెరిగింది. 2010లో ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ 1901 అనే ప్రమాణం ఖరారు చేసింది.

నాకు బాగా నచ్చే ముక్క ఒకటుంది. కరెంటు తీగ డేటా కోసం పుట్టింది కాదు. ప్రతి స్విచ్ బోర్డు దగ్గరా అది కొమ్మలుగా చీలుతుంది, ఖాళీ సాకెట్ దాకా వెళ్లిన సంకేతం గోడకు కొట్టిన బంతిలా వెనక్కి వస్తుంది. ఆ ప్రతిధ్వనులు కొన్ని పౌనఃపున్యాల్ని చంపేస్తాయి. అందుకని అడాప్టర్ తన పట్టీని వెయ్యికి పైగా సన్నటి పాయలుగా చీల్చుకుంటుంది. ఏ పాయ శుభ్రంగా ఉందో కొలుచుకుని దాని మీద ఎక్కువ డేటా, రొద ఉన్నదాని మీద తక్కువ డేటా ఎక్కిస్తుంది. అంతటితో ఆగదు. ఫ్యాను రెగ్యులేటర్ లాంటివి ప్రతి కరెంటు అలలోనూ ఒకే చోట రొద చేస్తాయి. అడాప్టర్ ఆ 50 హెర్ట్జ్ అలకు తాళం కలుపుకుని, అల ఏ భాగంలో ఉందో దాన్ని బట్టి లెక్క మార్చుకుంటుంది. మురికి తీగలోంచి ఇంత ఓపికగా మాటను ఏరుకునే ఇంజనీరింగ్‌ని చూస్తే నాకు నిజంగా గౌరవం కలుగుతుంది.

అయినా ఒక జత తెచ్చి, ఒకటి కింద రౌటర్‌కి కేబుల్‌తో కలిపి, ఇంకొకటి పైగదిలో పెడితే మొదటి రోజు అక్క ఇంట్లో అది పని చేయలేదు. పైన అడాప్టర్ లైటు వెలగనే లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే డీబీ (ఇంటి కరెంటంతా పంచే మెయిన్ బోర్డు) తెరిచి చూసి, "సార్, మీది త్రీఫేజ్. కింద ఒక ఫేజు, పైన ఇంకో ఫేజు" అన్నాడు. వేరే ఫేజులో ఉన్న తీగకు సంకేతం నేరుగా చేరదు, పక్కపక్కన నడిచే తీగల మధ్య కాస్త దూకితే దూకినట్టు. లోడు లెక్క చూసుకుని, ఆ గది సర్క్యూట్‌ని కింద హాలు ఉన్న ఫేజుకే మార్చాడు. లైటు వెలిగింది, 50 దాకా వచ్చింది. ఈ పని మీరు సొంతంగా చేయకండి, డీబీ తెలిసినవాళ్లే తెరవాలి.

అడాప్టర్‌ని స్పైక్ బస్టర్‌లో (రక్షణ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులో) గుచ్చకండి, అది రొదను ఆపడానికే పుట్టింది, మన సంకేతాన్నీ రొదగానే చూస్తుంది. గోడ సాకెట్‌లోనే పెట్టాలి. డబ్బా మీద 600 అని రాసి ఉన్నా, చాలా అడాప్టర్లలో లాన్ కేబుల్ పెట్టే పోర్టు 100 ఎంబీపీఎస్‌దే, కొనేముందు అది చదవండి. కొత్త రకాలు ఎర్త్ తీగను కూడా వాడుకుని వేగం పెంచుకుంటాయి, కానీ మన పాత ఇళ్లలో మూడో పిన్ను వెనక తీగే ఉండదు చాలాచోట్ల. పెట్టిన వెంటనే రెండిటి మీదా జత కలిపే బటన్ నొక్కండి. కొత్త అడాప్టర్లు అందరికీ తెలిసిన తాళంతో (పాస్‌వర్డ్‌తో) వస్తాయి, తీగ పక్క వాటాలోకీ వెళుతుంది, ఆ బటన్ నొక్కితే మీ జతకు సొంత తాళం పడుతుంది.

ఇంక మిగిలింది మిక్సీ. మేనల్లుడు రౌటర్‌కి ఆగకుండా పింగ్ (జవాబు ఎంతసేపట్లో వస్తుందో కొలిచే చిన్న సందేశం) పంపిస్తూ కూర్చున్నాడు. 4, 5 మిల్లీసెకన్లలో జవాబులు వస్తున్నాయి. కింద అక్క కొబ్బరి పచ్చడికి మిక్సీ వేసింది. అంకెలు 40కి, 120కి ఎగిరాయి, రెండు జవాబులు అసలు రాలేదు. మిక్సీ ఆగగానే మళ్లీ 5. మిక్సీ మోటారులో కార్బన్ బ్రష్షులు రాసుకుంటూ సన్నటి నిప్పురవ్వలు రాలుస్తాయి, ప్రతి రవ్వా రేడియో రొదే. మర్నాడు ఇడ్లీ పిండికి గ్రైండర్ వేసినప్పుడు మాత్రం పింగ్ కదల్లేదు. అందులో ఉండేది బ్రష్షులు లేని ఇండక్షన్ మోటారు. వీడియో మీటింగ్‌కి మూడు నాలుగు ఎంబీపీఎస్ చాలు, దానికి కావలసింది ఈ నిలకడే. అందుకే స్పీడ్ టెస్ట్ ఒక్కటే చూసి తీర్పు ఇవ్వద్దంటాను, పింగ్‌ని ఒక పూటంతా గమనించండి.

కరెంటు పోయినప్పుడు ఇంకో చిక్కు. హాల్లో సాకెట్ ఇన్వర్టర్ మీద ఉంది, పైగదిలోది లేదు. రౌటర్ బతికే ఉంటుంది, పై అడాప్టర్ ఆగిపోతుంది. అలాంటప్పుడు వైఫైయే గతి.

కాబట్టి నా వరస ఇదీ. మొదట రౌటర్‌ని బీరువా పక్కనుంచి తీసి మెట్లకు ఎదురుగా ఎత్తులో పెట్టండి. అక్క ఇంట్లో ఆ ఒక్క పనితో పైగదిలో 4 కాస్తా 20 అయింది. చాలామందికి అక్కడితోనే సరిపోతుంది. చాలకపోతే, చిన్న ఫ్లాట్ అయితే 5 గిగాహెర్ట్జ్‌కి మారండి. శ్లాబు అడ్డుగా ఉండి, రెండు గదులూ ఒకే ఫేజులో ఉంటే పవర్‌లైన్ జత ప్రయత్నించండి, వెనక్కి ఇచ్చే వీలున్న చోటే కొనండి. ఇల్లు తవ్వే ఓపిక ఉంటే లాన్ కేబుల్‌కి సాటి ఏదీ లేదు. 100 మీటర్ల దాకా గిగాబిట్ వేగం, మిక్సీకీ పక్కింటి వైఫైకీ చలించదు.

అక్క ఇప్పుడు పైన ఇంకో గది వేయిస్తోంది. శ్లాబు పోయకముందే కరెంటు పైపులకు ఎడంగా ఒక ఖాళీ పైపు వేసి, లోపల లాగడానికి ఒక తీగ వదలమని మేస్త్రీకి చెప్పి వచ్చాను.