నొప్పికి వెన్నులో తీగ, ఒంట్లో బ్యాటరీ: అపోహలు - వాస్తవాలు

నడుము ఆపరేషన్ అయ్యాక కూడా కాలి మంట, లాగుడు తగ్గనివాళ్లలో కొందరికి నేను స్పైనల్ కార్డ్ స్టిమ్యులేటర్ గురించి చెబుతుంటాను. వెన్నుపాము దగ్గర సన్నటి తీగ పెట్టి, బ్యాటరీతో కొద్దిపాటి కరెంటు పంపి నొప్పి తగ్గించే పరికరం ఇది. రోగి కంటే వెంట వచ్చినవాళ్లకే టెన్షన్ ఎక్కువ. వాళ్లు అడిగేవాటిలో కొన్ని ఇవి.

అపోహ: వెన్నుపాములోకి తీగ గుచ్చుతారు, కాళ్లు పడిపోతాయి.

వెన్నుపాములోకి ఏదీ గుచ్చం. దాన్ని కప్పి ఉండే పొరకు బయట, ఎపిడ్యూరల్ అనే సందులో సన్నటి తీగ ఉంచుతాం. పురిటి నొప్పులు తెలియకుండా ఎపిడ్యూరల్ మందు ఇచ్చేదీ ఆ సందులోకే. బ్యాటరీ నడుము కింది భాగంలో చర్మం కింద ఉంటుంది. రక్తం గడ్డకట్టి నరాలు నొక్కుకుపోయే ప్రమాదం ఉంది, కానీ చాలా అరుదు. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి. మాకు తరచూ ఎదురయ్యే ఇబ్బందులు వేరు: తీగ జరగడం, ఇన్ఫెక్షన్, బ్యాటరీ పెట్టినచోట నొప్పి. మొదటి కొన్ని వారాలు వంగి బిందె ఎత్తొద్దనేది తీగ జరుగుతుందనే.

అపోహ: ఏ నడుము నొప్పికైనా పనిచేస్తుంది.

అసలు గొడవంతా ఇక్కడే. ఇది నరాల నొప్పికి ఉద్దేశించింది: మంట, సూదులు పొడిచినట్టుండటం, షాక్ కొట్టినట్టుండటం. షుగర్ వల్ల పాదాల్లో వచ్చే నరాల నొప్పికి అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది. మోకాళ్ల అరుగుదలకో, వెన్నుపూస విరిగిన నొప్పికో ఇది మందు కాదు.

ఇంకో మాట కూడా దాచకూడదు. ఆపరేషన్ తర్వాత కాలి నొప్పి మిగిలిన 50 మందిపై నార్వేలో చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. అందులో కరెంటును విడతలు విడతలుగా పంపే బర్స్ట్ అనే పద్ధతిలో మిషన్ నడిపినప్పుడు, ఆపి ఉంచినప్పుడు వచ్చిన ఫలితాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అక్కడ వాడిన సెట్టింగుల మీద డాక్టర్ల మధ్య వాదన నడుస్తూనే ఉంది. నా మటుకు నేను మందులు, ఫిజియోథెరపీ, ఇంజెక్షన్లు అన్నీ సరిగ్గా వాడి చూశాకే దీని మాటెత్తుతాను.

అపోహ: లక్షలు పోశాక పనిచేయకపోతే ఇక అంతే.

ముందు ట్రయల్ ఉంటుంది. తీగ మాత్రమే లోపల పెట్టి, బ్యాటరీని బయట కట్టి కొన్ని రోజులు ఇంటికి పంపుతాం. నొప్పి కనీసం సగం తగ్గిందా, నిద్ర పట్టిందా, ఎంత దూరం నడిచారు, ఇవన్నీ రాసుకోమంటాం. తగ్గకపోతే తీగ లాగేస్తాం, కథ అక్కడితో సరి. డాక్టరు మొహమాటానికి "కొంచెం బాగుందండీ" అనకండి. ట్రయల్ బాగున్నా కొందరికి కొన్నేళ్లకు ఫలితం తగ్గుతుంది, అదీ తెలుసుకునే ఒప్పుకోండి.

అపోహ: పెట్టించుకుంటే జబ్బే పోతుంది.

పోదు. నొప్పి సంకేతం మెదడుకు చేరే తీరును మాత్రమే కరెంటు మారుస్తుంది. అమెరికాలో నార్మన్ షీలీ 1967లో తొలిసారి దీన్ని అమర్చింది కూడా క్యాన్సర్ నొప్పి తగ్గించడానికే, క్యాన్సర్ తగ్గించడానికి కాదు.

అపోహ: ఇక ఎమ్మారై తీయించుకోకూడదు, విమానం ఎక్కకూడదు.

ఇప్పటి మోడళ్లలో చాలావాటికి కొన్ని షరతులతో ఎమ్మారై తీయొచ్చు. విమానాశ్రయంలో ఇంప్లాంట్ కార్డు చూపించి చేత్తో తనిఖీ చేయమని అడగండి. ఎవరూ అడగని ప్రమాదం ఒకటుంది: ఫిజియోథెరపీలో వేడి పుట్టించడానికి వాడే డయాథర్మీ. దాంతో తీగ కొస వేడెక్కి నరాలు దెబ్బతినొచ్చు, మిషన్ ఆఫ్‌లో ఉన్నా సరే. మోకాలికైనా, భుజానికైనా అది పెట్టించుకోవద్దు.