తాయిలం తిన్న పిల్ల దాణా ముట్టదు

కోడిపిల్లకు నోరు కట్టుకోవడం తెలియదు. వంటగదిలోంచి ఎవరైనా పళ్లెం పట్టుకుని వస్తే చాలు, అప్పటిదాకా గడ్డిలో బుద్ధిగా పురుగులు ఏరుకుంటున్న పిల్లలన్నీ పరుగున వచ్చి కాళ్లకు అడ్డం పడతాయి. ఒకదానికి కాస్త పెద్ద ముక్క దొరికిందంటే అక్కడ తినదు, ముక్కున కరచుకుని పారిపోతుంది. పళ్లెంలో ఇంకా బోలెడు ఉన్నా తక్కినవన్నీ దాని వెంటే పడతాయి. ఈ సంబరం చూడటానికే చాలామంది మిగిలిందంతా వాటి ముందు కుమ్మరిస్తారు. అసలు పెట్టకూడదని నేను అనను. అయితే ‘ఇది పెడితే ప్రమాదమా?’ అని అడిగినంతగా, ‘ఇది తిని ఆ పూట ఏం తినడం మానేసింది?’ అని ఎవరూ అడగరు. నా దృష్టిలో ఈ రెండో ప్రశ్నే పెద్దది.

గుడ్డులోంచి బయటపడిన రోజున పిల్ల బరువు సుమారు 40 గ్రాములు. గుడ్ల కోసం పెంచే జాతుల్లో కూడా ఎనిమిది వారాలకు అది అర కిలో దాటుతుంది. ఈలోగా నూగు రాలిపోయి ఈకలు రావాలి. ఈకలో నూటికి 85 పాళ్లకు పైగా ప్రోటీనే. అందుకే పిల్లల దాణాలో ప్రోటీన్ 18 నుంచి 20 శాతం ఉండేలా కలుపుతారు. వండిన తెల్ల అన్నంలో అది మూడు శాతం కూడా ఉండదు. ఒంటికి కావలసిన శక్తి అందగానే కోడి మేత తగ్గించేస్తుంది. అన్నం, రొట్టె లాంటి పిండి పదార్థాలతో ఆ శక్తి చౌకగా అందిపోతుంది కాబట్టి పిల్ల దాణా గిన్నె వైపు వెళ్లదు. కడుపు నిండుతుంది, ఈక ఎదగదు.

దీనికి వైద్య చరిత్రలోనే ఒక సాక్ష్యం ఉంది. 1890 ప్రాంతంలో క్రిస్టియాన్ ఐక్‌మాన్ అనే డచ్ వైద్యుడు జావా దీవిలోని బటావియాలో (నేటి జకార్తా) నరాలను దెబ్బతీసే బెరిబెరి వ్యాధికి కారణం వెతుకుతున్నాడు. ఆయన ప్రయోగశాల కోళ్లకు ఉన్నట్టుండి కాళ్లు పట్టు తప్పాయి. తూలడం, కూలబడటం, చివరికి లేవలేకపోవడం. సూక్ష్మజీవి కోసం ఎంత గాలించినా దొరకలేదు. కొన్ని నెలలకు రోగం దానంతటదే తగ్గిపోయింది. ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఆ నెలల్లో కోళ్లకు పెట్టింది సైనిక ఆసుపత్రి వంటశాల నుంచి తెచ్చిన పాలిష్ పట్టిన బియ్యపు అన్నం. తర్వాత వచ్చిన కొత్త వంటవాడు, సైన్యం బియ్యం సైన్యానికి చెందని కోళ్లకు ఇవ్వనని భీష్మించాడు. దాంతో వాటికి మళ్లీ ముడి బియ్యం దొరికింది, కోలుకున్నాయి. పాలిష్ పడితే ఊడిపోయే తవుడు పొరలో ఉన్నది తర్వాతి కాలంలో థయమిన్‌గా, అంటే విటమిన్ బి1గా తేలింది. విటమిన్ల పరిశోధనకు దారి తీసిన ఈ పనికి 1929లో ఐక్‌మాన్‌కు నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. ఒక వంటవాడి పిసినారితనానికి వైద్యశాస్త్రం ఇంతగా రుణపడటం నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

మరి ఎంత పెట్టాలి? రోజు మేతలో పదో వంతు మించకూడదన్నది పెంపకందార్ల లెక్క. ఎనిమిది వారాల పిల్ల రోజుకు సుమారు 50 గ్రాముల దాణా తింటుంది. అందులో తాయిలం వాటా ఐదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు. పది పిల్లలకు కలిపి ఓ గుప్పెడు. పుట్టిన మొదటి వారాల్లో అదీ వద్దు. పెట్టే వేళ సాయంత్రమైతే మేలు. పగలంతా దాణా, గడ్డి, పురుగులు తిని ఉంటాయి. పైగా తాయిలం ఆశతో పిలవగానే గూటికి చేరతాయి. చీకటి పడ్డాక పిల్లను చేతిలోకి తీసుకుని మెడ మొదట్లో, రొమ్ముకు పైన కుడివైపు తడిమితే మేతసంచి ఉబ్బుగా, నొక్కితే మెత్తగా తగులుతుంది. తెల్లవారేసరికి అది ఖాళీ కావాలి. కాలేదంటే ఏదో అడ్డుపడిందన్నమాట.

అలా అడ్డుపడే వాటిలో ముందుండేది కోసి వేసిన పొడవాటి గడ్డి. నేలలో వేళ్లున్న గడ్డిని కోడి ముక్కుతో పట్టి లాగితే కొస మాత్రమే తెగి వస్తుంది. కోసిన గడ్డికి ఆ పట్టు ఉండదు, పరక మొత్తం లోపలికి పోతుంది. అలాంటివి పది చేరితే ఉండ కడతాయి. ఆకుకూరలైనా సన్నగా తరిగి వేయాలి, లేదా కట్టగా కట్టి వేలాడదీయాలి. పళ్లు లేని కోడికి నమిలే పని చేసేది కందనకాయ. దాని బలమైన కండరాల మధ్య చిన్న రాళ్లు ఉంటేనే గింజ నలుగుతుంది. ఆరుబయట తిరిగే పిల్లలు వాటిని తామే ఏరుకుంటాయి. ఇంకా లోపలే ఉంచి పెంచుతున్న వాటికి గింజలో ఆకులో పెడితే, వాటితోపాటు గరుకు ఇసుక కూడా పెట్టాలి.

కారం కూర తగిలిన అన్నం పెడితే మండుతుందేమోనని భయపడనక్కరలేదు. మిరపలోని క్యాప్సైసిన్‌కు మన నరాల్లో స్పందించే గ్రాహకం పక్షుల్లో దాన్ని పట్టించుకోదు. తీపి గుర్తించే గ్రాహకమూ కోడికి లేదు, కాబట్టి పండు మీద ఎగబడేది తీపి కోసం కాదు. అసలు జాగ్రత్త ఉప్పు విషయంలో. దాణాలో తగినంత ఉప్పు ఎలాగూ ఉంటుంది. పిల్లల మూత్రపిండాలు అదనపు ఉప్పును తట్టుకోలేవు. బూజు అంతకన్నా చెడ్డది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, కారణం బూజు పట్టిన వేరుశనగ పిండి అని తేలింది. అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం అలా బయటపడింది. బూజు తీసేసి ఉడికించినా ఆ విషం పోదు. ఇవి కాక అవకాడో, పచ్చబడిన బంగాళాదుంప, ఉడకని చిక్కుడు గింజలు, చాక్లెట్ దగ్గరకు రానివ్వకూడదు. ఏది పెట్టినా రెట్టలున్న నేల మీద కాక పళ్లెంలోనే పెట్టాలి. రక్తవిరేచనాలు తెచ్చే కాక్సిడియా అనే పరాన్నజీవి వ్యాపించేది రెట్టల ద్వారానే.

కాల్షియం కోసమని గుడ్డు పెంకులు పిల్లలకూ పెట్టి చాలామంది పొరబడతారు. గుడ్లు పెట్టే పెట్ట దాణాలో కాల్షియం నాలుగు శాతం దాకా ఉంటుంది, ఎదిగే పిల్లకు ఒక శాతం చాలు. ఎక్కువైతే పిల్లల మూత్రపిండాలు దెబ్బతింటాయి. పిల్లలు, పెట్టలు ఒకే చోట తిరుగుతుంటే అన్నింటికీ పిల్లల దాణానే వేసి, నలగ్గొట్టిన ఆల్చిప్పలో గుడ్డు పెంకులో పెట్టలకు మాత్రమే అందే ఎత్తులో వేరే గిన్నెలో ఉంచాలి. మర్నాటి గుడ్డుకు పెంకు కట్టవలసిన పెట్ట సాయంత్రం వేళ దాన్ని తనంతట తానే వెతుక్కుంటూ వస్తుంది.