హంతకుడు మతం అడగనప్పుడు

కాంగోకు చెందిన ఫ్లోరిబెర్ట్ బ్వానా చుయీని 2025 జూన్ 15న రోమ్‌లో ధన్యునిగా (పునీతుడు, అంటే సెయింట్, కావడానికి ముందు మెట్టు), అందులోనూ హతసాక్షిగా (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడిగా) ప్రకటించినప్పుడు కతోలిక సంఘాన్ని చాలాకాలంగా వెంటాడుతున్న ప్రశ్న మరోసారి ముందుకొచ్చింది. గోమా పట్టణంలో సరుకుల తనిఖీ ఉద్యోగి అయిన ఆ యువకుడు, పాడైపోయిన ఆహార పదార్థాలను వదిలేయడానికి లంచం తీసుకోనన్నాడు. 2007లో అతణ్ని ఎత్తుకెళ్లి చంపేశారు. హంతకులకు కావలసింది సరుకు బయటపడటమే గాని, అతడు ఏ దేవుణ్ని కొలుస్తాడన్నది వారికి పట్టలేదు. అలాంటి మరణాన్ని విశ్వాసం కోసం జరిగిన మరణంగా లెక్కించవచ్చా?

రోమన్ చక్రవర్తుల నాటి హతసాక్షుల చరిత్ర అందరికీ తెలిసిందే. నేటి వివాదానికి మూలమైన కొలమానాన్ని 18వ శతాబ్దంలో ప్రోస్పెరో లాంబెర్తీని క్రోడీకరించాడు. పునీత పదవికి వచ్చిన పేర్లపై ఆక్షేపణలు లేవనెత్తే అధికారిగా ఏళ్ల తరబడి పనిచేసి, 1740లో 14వ బెనెడిక్ట్ పోపు అయిన వ్యక్తి ఆయన. విశ్వాసంపై ద్వేషంతోనే చంపి ఉండాలి, చనిపోయినవారు ఆ మరణాన్ని మనస్ఫూర్తిగా స్వీకరించి ఉండాలి అన్నది ఆ కొలమానం. ఇది బిరుదుకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. హతసాక్షిగా గుర్తింపు పొందినవారిని ధన్యులుగా ప్రకటించడానికి వారి మధ్యవర్తిత్వంతో అద్భుతం జరిగినట్టు రుజువు కానవసరం లేదు. మిగిలినవారికి అది తప్పనిసరి.

ఆ కొలమానం 1982 అక్టోబరు 10న సడలింది. ఆ తర్వాతి వివాదాలన్నీ ఆ రోజు నుంచే మొదలయ్యాయని చెప్పవచ్చు.

1941 జులై చివర్లో నాజీల ఆష్విట్జ్ శిబిరం నుంచి ఒక ఖైదీ తప్పించుకోగా, అందుకు శిక్షగా పదిమందిని ఆకలితో మాడ్చి చంపడానికి కార్ల్ ఫ్రిట్జ్‌ష్ అనే అధికారి వరుసలోంచి ఏరాడు. వారిలో ఫ్రాన్సిషెక్ గయోవ్నిచెక్ భార్యాబిడ్డలను తలచుకుని విలపించగా, తోటి ఖైదీ మాక్సిమిలియన్ కోల్బే వరుస దాటి వచ్చి అతని బదులు తనను తీసుకోమన్నాడు. ఎవరు నువ్వని అడిగితే కతోలిక గురువునని చెప్పాడు. రెండు వారాల తర్వాత కూడా ప్రాణం పోకపోవడంతో, ఆగస్టు 14న కార్బాలిక్ ఆమ్లం సూదిమందుగా ఎక్కించి ఆయనను చంపారు.

ఆరో పౌలు పోపు 1971లో కోల్బేను ధన్యునిగా ప్రకటించారు, అయితే హతసాక్షిగా కాదు. ఫ్రిట్జ్‌ష్ ఆయనను మతం చూసి ఎంచుకోలేదని, ఆయనే స్వయంగా ముందుకొచ్చారని వాదించినవారి మాట నాడు నెగ్గింది. ఆ వాదనలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అది చూసింది మాత్రం ఒక్క అధికారి మనసునే. మనిషిని మనిషిగా చూడటానికే నిరాకరించిన వ్యవస్థ దేవునిపై ద్వేషంతో నడిచిందా లేదా అన్న ప్రశ్న దానికి అందలేదు. రెండో జాన్ పాల్ పోపు 1982 అక్టోబరు 10న తన అధికారంతో కోల్బేను హతసాక్షిగానూ గౌరవించాలని ప్రకటించారు. ఆ రోజు ఆయన ధరించినవి హతసాక్షుల పండుగలకు వాడే ఎర్రని వస్త్రాలు. ఆ వేడుకలో గయోవ్నిచెక్ కూడా ఉన్నాడు.

నిజానికి ఇందుకు పాత ఆధారమూ ఉంది. బాప్తిస్మమిచ్చు యోహానును హేరోదు చంపించింది విశ్వాసాన్ని వదులుకోనందుకు కాదు, రాజు అక్రమ వివాహాన్ని తప్పుపట్టినందుకేనని, అయినా యోహాను హతసాక్షేనని 13వ శతాబ్దంలోనే వేదాంతి థామస్ అక్వినాస్ గుర్తుచేశాడు. ఎల్ సాల్వడార్ అగ్రపీఠాధిపతి ఆస్కార్ రొమేరో విషయంలో ఈ తర్కమే కీలకమైంది. పేదలపై హింస ఆపండని సైనికులను వేడుకున్న మర్నాడే, 1980 మార్చి 24న, పూజ చేస్తుండగా ఆయనను కాల్చి చంపారు. చంపించినవారూ బాప్తిస్మం పొందినవారే కావడంతో, ఇది రాజకీయ హత్యేనన్న అభ్యంతరం ఆయన దరఖాస్తును ఏళ్ల తరబడి నిలిపివేసింది. 2015లో గాని హతసాక్షిగా గుర్తింపు దక్కలేదు. మాఫియా కాల్చి చంపిన ఇటలీ న్యాయమూర్తి రొసారియో లివాతీనో 2021లో అదే వరుసలో చేరాడు.

యూదు కుటుంబంలో పుట్టి కతోలిక సన్యాసినిగా మారి, ఆష్విట్జ్‌లో హతమై, హతసాక్షిగా గుర్తింపు పొందిన ఈడిత్ స్టైన్ విషయంలో యూదులు లేవనెత్తిన అభ్యంతరం వేరు: ఆమెను చంపింది యూదురాలు కనుకనే తప్ప కతోలిక సన్యాసిని అయినందుకు కాదని.

ఇతరుల కోసం ప్రాణం అర్పించినవారికి 2017లో ఫ్రాన్సిస్ పోపు ప్రత్యేకంగా మరో మార్గం తెరిచారు, అయితే అందులో అద్భుతం తప్పనిసరి. ఆ మార్గం అందుబాటులో ఉన్నా, లివాతీనోనూ ఫ్లోరిబెర్ట్‌నూ హతసాక్షుల వరుసలోనే చేర్చారు.