తోమి పాడుచేసినవే ఎక్కువ: బ్యాండు వాయిద్యాల మీద అపోహలు - వాస్తవాలు

పోయిన నెలలో ఒకాయన తొమ్మిదో తరగతి చదివే కొడుకునీ, ట్రంపెట్ పెట్టెనూ వెంటబెట్టుకుని వచ్చారు. "మాస్టారూ, ఎంత ఊదినా గాలి అవతలికి వెళ్లడం లేదు. శనివారం స్కూల్ డే. ఇప్పటికిప్పుడు కొత్తది ఎక్కడ కొనను?" అన్నారు. ఊది చూశాను. నిజమే, గోడకేసి ఊదినట్టుంది. పైమూతలు విప్పి, వేళ్లతో నొక్కే పిస్టన్లు బయటికి తీశాను. ఒక్కోదాని మీదా 1, 2, 3 అని అంకె చెక్కి ఉంటుంది. ఒకటో నంబరుది మూడో గొట్టంలో ఉంది, మూడోది ఒకటో దాంట్లో ఉంది. పిస్టన్‌లోని రంధ్రాలు గొట్టాల నోళ్లకు ఎదురుగా రాకపోతే ఇక గాలికి దారెక్కడ? మార్చి పెట్టి అబ్బాయి చేతికిచ్చాను. షాపు ముందు ఆగిన ఆటో అతను తల తిప్పి చూసేంత గట్టిగా మోగింది.

"ఎవరు విప్పారు బాబూ?" అంటే వాడు వాళ్ల నాన్న వైపు చూశాడు.

"ఆదివారం కదా అని కాస్త శుభ్రం చేశానండీ" అన్నారాయన.

విజయవాడలో ఇరవై ఆరేళ్లుగా నా పని ఇదే. సాయంత్రం పిల్లలకు క్లారినెట్, ట్రంపెట్ నేర్పుతాను, పగలంతా రిపేర్లు చేస్తాను. నా బల్ల మీదికి వచ్చేవాటిలో వాయించి అరగదీసినవి తక్కువ. ప్రేమగా తోమి, నూనె పోసి, జిగురు పెట్టి, అటక మీద దాచి పాడుచేసినవే ఎక్కువ. అందుకే రోజూ నోటితో చెప్పే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "ఇత్తడే కదా, చింతపండుతో తోమితే తళతళలాడుతుంది"

బిందె వేరు, ట్రంపెట్ వేరు. ట్రంపెట్, యుఫోనియం, సాక్సాఫోన్ లాంటివాటిలో చాలావాటికి ఇత్తడి మీద లాకర్ అనే పల్చటి పారదర్శకమైన పూత ఉంటుంది. కొన్నిటికి వెండి లేదా నికెల్ పూత ఉంటుంది. చింతపండు, నిమ్మకాయ, బూడిద, పాలిష్ పేస్టు ఏది రుద్దినా ముందు పోయేది ఆ పూతే. అది పోయాక ఇత్తడి వారానికే నల్లబడుతుంది, మళ్లీ తోముతారు. అంతకంటే పెద్ద నష్టం పిస్టన్ల దగ్గర జరుగుతుంది. పిస్టన్‌కీ దాని గొట్టానికీ మధ్య తలవెంట్రుక కూడా దూరదు. పాలిష్‌లో ఉండేది సన్నటి రాపిడి పొడి. అది ఆ సందులోకి దిగిందంటే, నొక్కిన ప్రతిసారీ లోపల గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే.

అసలు ప్రమాదం మెరుపు పోవడం కాదు. మౌత్‌పీస్ పెట్టే చోట మొదలయ్యే మొదటి గొట్టాన్ని చూడండి. ఊపిరి తేమ, నోటిలోని తిండి అవశేషాలు అన్నీ ముందు చేరేది అక్కడికే. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. మురికి, తేమ ఏళ్ల తరబడి పేరుకుంటే జింకు మెల్లగా విడిపోయి గుల్లగుల్లగా ఉన్న రాగి మాత్రం మిగులుతుంది. బయటికి గులాబీ రంగు చుక్కలా కనిపించేసరికి లోపల్నుంచి తినేసినట్టే లెక్క. గోటితో నొక్కితే చిల్లుపడ్డ గొట్టాలు చూశాను. వాటి బయట మాత్రం అద్దంలో మొహం చూసుకోవచ్చు.

కాబట్టి తోమాల్సింది లోపల. నెలకోసారి పిస్టన్లు తీసి (నంబరు చూసుకుని, వరసగా పెట్టి!), మిగతా ఒళ్లంతా గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి ముంచండి. తీగకు బ్రష్షు ఉండే సాధనం ఒకటి దొరుకుతుంది, దాన్ని గొట్టాల్లో అటూ ఇటూ ఆడించండి. మరిగే నీళ్లు వద్దు, లాకర్ లేచిపోతుంది. బయటికి మెత్తటి పాత కాటన్ పంచె ముక్క చాలు. చేతి చెమటను ప్రతిరోజూ తుడవడం నెలకోసారి పాలిష్ పెట్టడంకంటే ఎంతో నయం.

అపోహ: "పిస్టన్ పట్టేస్తే రెండు చుక్కల కొబ్బరినూనె"

డిసెంబరు, జనవరిలో మా ఇంట్లో కొబ్బరినూనె సీసా ఎండలో పెడతాం, మీ ఇంట్లోనూ అంతే. తెల్లవారుజామున ముహూర్తానికి బ్యాండు వాళ్లు ట్రంపెట్ తీస్తే పిస్టన్‌లో ఆ నూనె ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఎండాకాలంలోనూ అది మెల్లగా జిడ్డుగా, బంకగా మారుతుంది. కుట్టుమిషను నూనె గడ్డకట్టదు కానీ పిస్టన్‌కు మరీ చిక్కన, నొక్కిన పిస్టన్ బద్ధకంగా లేస్తుంది. వాల్వ్ ఆయిల్ అని నీళ్లలా పల్చగా ఉండేది వేరే ఉంది. చిన్న సీసా నెలల తరబడి వస్తుంది. ముందు పాత జిడ్డు తుడిచి, ఆ తర్వాత వేయండి. బయటికి లాగే శ్రుతి గొట్టాలకు మాత్రం చిక్కటి గ్రీజు కావాలి. ఆ రెండూ తారుమారు చేసి తెచ్చేవాళ్లు వారానికొకరైనా ఉంటారు.

అపోహ: "ఛీ, లోపలంతా ఉమ్మి"

ట్రంపెట్‌కి కింద చిన్న మీట నొక్కితే కారేది ఎక్కువ భాగం నీరే. వేడి ఊపిరిలోని ఆవిరి చల్లటి గొట్టానికి తగిలి నీరవుతుంది, వేసవిలో చల్లటి గ్లాసు బయట చెమ్మ పట్టినట్టు. ఉమ్మి కొంచెం కలుస్తుంది, కాదనను. నేల మీద ఒలకబోయకుండా ఒక గుడ్డ పెట్టుకోండి. మౌత్‌పీస్ మాత్రం ఎవరిది వారికే ఉండాలి. స్కూల్లో వాయిద్యం ఒకటే అయినా మౌత్‌పీస్ పంచుకోకూడదు.

అపోహ: "సాక్సాఫోన్ ఇత్తడి వాయిద్యం"

ఒళ్లు ఇత్తడిదే, జాతి మాత్రం క్లారినెట్ జాతి. వాయిద్యాల కుటుంబం దేంతో చేశారన్నదాన్ని బట్టి కాదు, మోత ఎలా పుడుతుందన్నదాన్ని బట్టి తేలుతుంది. ట్రంపెట్‌లో పెదవులే కంపిస్తాయి. సాక్సాఫోన్‌లో, క్లారినెట్‌లో ఒంటి రెల్లు రీడు, అంటే మౌత్‌పీస్‌కి బిగించే పల్చటి రెల్లు పలక, కంపిస్తుంది. బెల్జియంలో పుట్టిన అడాల్ఫ్ సాక్స్ దీనికి పారిస్‌లో 1846లో పేటెంట్ తీసుకున్నాడు. మిలిటరీ బ్యాండ్లలోంచి, జాజ్‌లోంచి తిరిగి తిరిగి మన దగ్గరికి వచ్చింది. "దీని మీద గమకాలు పలకవు" అని ఇంకా అంటూ ఉంటారు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో ఈ వాయిద్యాన్ని చూసి మనసు పారేసుకున్న కద్రి గోపాల్‌నాథ్ దాని మీదే కర్ణాటక సంగీత కచేరీలు చేశారు. రికార్డింగులు విన్నాక ఆ మాట అనండి.

ఒక పెళ్లి సీజన్ రహస్యం చెప్తాను. సాక్సాఫోన్‌లో మీటల కింద తోలు ప్యాడ్లు ఉంటాయి. భోజనాలయ్యాక లడ్డు నములుతూ వచ్చి ఊదితే ఆ పాకం తేమతో పాటు లోపలికి వెళ్లి ప్యాడ్‌కి అంటుకుంటుంది. జి షార్ప్ మీట దగ్గర స్ప్రింగు మెత్తన, పైగా అది ఎప్పుడూ మూసే ఉంటుంది. మర్నాడు అది లేవదు. "మీట విరిగింది" అని తెస్తారు. సిగరెట్టు కాగితం ప్యాడ్ కింద పెట్టి నొక్కి వదిలితే జిగట కాగితానికి వచ్చేస్తుంది. ఊదేముందు నోరు పుక్కిలించండి, అంతే.

అపోహ: "క్లారినెట్ శ్రుతి తప్పింది, కీబోర్డుతో కలవడం లేదు"

దీని గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి. దీనివల్ల మంచి వాయిద్యాలు చాలా వెనక్కి వెళ్లిపోయాయి. ఒక తల్లి కొత్త క్లారినెట్ తెచ్చి బల్ల మీద పెట్టి, "మోసం చేశారండీ. మా పాప 'సి' వాయిస్తే ఫోనులో ట్యూనరు 'ఎ షార్ప్' చూపిస్తోంది" అన్నారు. క్లారినెట్ సరిగానే ఉంది. మామూలు క్లారినెట్, ట్రంపెట్ బి ఫ్లాట్ వాయిద్యాలు. కాగితం మీద 'సి' అని ఉన్నది ఊదితే వినిపించేది బి ఫ్లాట్. ట్యూనరు దాన్నే ఎ షార్ప్ అని చూపిస్తుంది. మన లెక్కలో చెప్పాలంటే హార్మోనియం మీద 'సి' ఒకటో శ్రుతి అయితే, క్లారినెట్ 'సి' ఆరున్నర శ్రుతి. ఆల్టో సాక్సాఫోన్ ఇ ఫ్లాట్, అంటే రెండున్నర. కీబోర్డు మీద 'సి'తో కలవాలంటే క్లారినెట్ పాప 'డి' ఊదాలి, ఆల్టో సాక్సాఫోన్ బాబు 'ఎ' ఊదాలి. ఈ తలనొప్పి ఎందుకంటే, చిన్న సాక్సాఫోన్ వదిలి పెద్దది పట్టుకున్నా వేళ్ల పట్టు మారకుండా ఉండటానికి. పట్టు ఒకటే, పలికే శ్రుతి మాత్రం సైజును బట్టి మారుతుంది.

ఇంకో సంగతి. వేణువు నుంచి క్లారినెట్‌కి వచ్చిన పిల్లలు తెల్లమొహం వేసేది వెనక మీట నొక్కినప్పుడు. సా పట్టు పట్టి ఆ మీట నొక్కితే పై సా రాదు, దాని మీది పంచమం వస్తుంది. అది లోపం కాదు, ఒక చివర మూసిన స్తంభాకారపు గొట్టం స్వభావమే అంత.

ఎండను బట్టి కూడా శ్రుతి మారుతుంది. గొట్టం లోపలి గాలి వేడెక్కితే ట్రంపెట్, క్లారినెట్ శ్రుతి పైకి జరుగుతుంది. అదే ఎండకు వయొలిన్ తీగ సడలి కిందికి దిగుతుంది. అందుకే ఏసీ హాల్లో కలిపిన శ్రుతి షామియానా కింద నిలవదు. వాయిద్యాన్ని తిట్టకండి, మళ్లీ కలుపుకోండి.

అపోహ: "వయొలిన్ అతుకు ఊడింది, ఫెవికాల్ పెట్టేశాం"

ఈ మాట వింటే నాకు నీరసం వస్తుంది. జిగురు మంచిదే, చోటు తప్పు. వయొలిన్ పలకలను జంతు చర్మం నుంచి తీసిన జిగురుతో కావాలనే మరీ గట్టిగా కాకుండా అతికిస్తారు. మన కోస్తా వానాకాలానికి చెక్క ఉబ్బుతుంది, ఏప్రిల్‌లో బిగుస్తుంది. ఆ ఒత్తిడికి ఏదో ఒకటి వదలాలి. అతుకు వదిలితే వేడి నీళ్లతో పాత జిగురు కరిగించి మళ్లీ అతికిస్తాం, మచ్చ కూడా ఉండదు. అతుకు వదలకపోతే చెక్కే పగులుతుంది. మీరు ఫెవికాల్ పెట్టిన చోట అతుకు చచ్చినా వదలదు, పక్కనున్న పలక చీలుతుంది. అప్పుడు నేను అడిగే డబ్బుకి మీకు కోపం వస్తుంది.

లోపల నిలబడి ఉండే చిన్న కర్ర, సౌండ్ పోస్ట్, అసలు అతికించి ఉండదు. తీగల ఒత్తిడికే నిలబడుతుంది. తీగలు మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి విప్పితే అది పడిపోతుంది. ఒక్కొక్కటిగా మార్చండి. కరోనా రోజుల్లో శానిటైజర్‌తో వయొలిన్ తుడిచి వార్నిష్ లేపుకున్నవాళ్లూ వచ్చారు. స్పిరిట్ ఏదీ దాని దరిదాపులకు రాకూడదు. కమానుకు రాసే రోజిన్ తెల్లగా రాలితే ఆ పొడిని పొడిగుడ్డతో తుడవండి, వాయించాక కమాను మర సడలించండి.

ఇక లోపలి చీటీ సంగతి. "తాతగారిదండీ, లోపల స్ట్రాడివేరియస్ అని రాసుంది, కోట్లు పలుకుతుందా?" అని ఏడాదికి ఇద్దరు ముగ్గురు తెస్తారు. ఇటలీలోని క్రెమోనాలో వయొలిన్లు చేసిన ఆంటోనియో స్ట్రాడివరి 1737లో పోయాడు. ఆయన నమూనాలో చేశామని చెప్పడానికి జర్మనీ, బొహీమియా పనివాళ్లు లెక్కలేనన్ని వయొలిన్లలో ఆ చీటీ అంటించారు. అదే చీటీ కింద 'మేడ్ ఇన్ జర్మనీ' అని చిన్న అక్షరాలుంటే ఇంకేం అడుగుతారు? అయినా అవి వాయించడానికి చాలా బాగుండొచ్చు, తాతగారి మీద నమ్మకం పోగొట్టుకోనక్కర్లేదు.

సైజు విషయంలో స్కూలు యూనిఫాం తెలివి పనికిరాదు. "వచ్చే ఏడాదికి కూడా సరిపోతుంది" అని పెద్ద వయొలిన్ కొంటే చెయ్యి చాలక పాప మణికట్టు మెలిపెడుతుంది. పావు, అర, ముప్పావు, పూర్తి సైజులున్నాయి, చెయ్యి కొలిచి కొనండి.

అపోహ: "ఊదుడు వాయిద్యాలకి పెద్ద ఊపిరితిత్తులుండాలి, బలహీనుల్ని చేర్చకూడదు"

ఊపిరి ఎంత ఉందన్నది కాదు, ఎంత అదుపుగా వదులుతున్నామన్నది ముఖ్యం. ఓబో అని జంట రీడుతో ఊదే వాయిద్యం ఉంది, అది వాయించేవాళ్ల బాధ విచిత్రం. దాని రీడు సందు ఎంత సన్నమంటే గాలి చాలక కాదు, మిగిలిపోయి ఇబ్బంది పడతారు. పాత గాలి వదిలి కొత్తది తీసుకోవడానికే ఆగాలి. ఆస్తమా ఉన్న పిల్లల్ని డాక్టరుకి చూపించి చేర్చండి. నా దగ్గర అలాంటివాళ్లు నేర్చుకున్నారు. బుగ్గలు బూరెల్లా ఉబ్బించాలన్నది కూడా తప్పే. బుగ్గలుబ్బించి ఊదిన అమెరికా జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు డిజ్జీ గిలెస్పీ ఫొటో చూపిస్తారు, ఆయన ఆయనే, మనం మనమే. పెదవిని మౌత్‌పీస్‌కేసి గట్టిగా అదిమితే పైస్థాయి వస్తుందనేది మరీ ప్రమాదం. కొన్నాళ్లు వస్తుంది, తర్వాత పెదవి మొద్దుబారుతుంది.

ఊపిరితిత్తుల గురించి ఇంత బెంగపడేవాళ్లు చెవుల గురించి అడగనే అడగరు. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు ఎనిమిది గంటలు హద్దు అని వృత్తి ఆరోగ్య నిపుణులు పెట్టుకున్న లెక్క. మోత మూడు డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగానికి పడిపోతుంది. తలుపులేసిన గదిలో ఆరు ట్రంపెట్లు, డ్రమ్ములు ఆ హద్దు సులువుగా దాటతాయి. నాకు ఎడమ చెవి తగ్గింది, పిల్లలకు ఇయర్ ప్లగ్గులు పెట్టిస్తున్నాను.

చిన్నాచితకా: రీడు మీద నంబరు 3 ఉంటే 2 కంటే గొప్ప వాయిద్యగాడని కాదు, అది రీడు బిరుసుతనం, కంపెనీని బట్టి కొలత కూడా మారుతుంది. ఒకే రీడుని అరిగేదాకా వాడకండి, మూడు నాలుగు మార్చి మార్చి వాడి, వాయించాక తీసి ఆరనివ్వండి. చెక్క క్లారినెట్‌ని నీళ్లతో కడగొద్దు, గుడ్డ లాగి తడి తీయండి. మొదటేడు నేర్చుకునేవాళ్లకి మన వాతావరణంలో ప్లాస్టిక్ క్లారినెట్ నామోషీ కాదు, పగలదు. అటక మీద, కారు డిక్కీలో పెట్టొద్దు.

ఆఖరిది, ఇరుక్కుపోయిన మౌత్‌పీస్. అందరింట్లోనూ ఒక కటింగ్ ప్లేయర్ ఉంటుంది, అందరికీ బలముంటుంది. గట్టిగా తిప్పితే మౌత్‌పీస్ రాదు, దాన్ని పట్టుకున్న మొదటి గొట్టం మెలితిరుగుతుంది. దీనికి రెండు మరలతో సమంగా లాగే పుల్లర్ అనే చిన్న సాధనం ఉంది. మీ ఊళ్లో రిపేరు చేసే ఎవరి దగ్గరైనా ఉంటుంది. పట్టుకెళ్లండి, రెండు నిమిషాల పని. నేనైతే దానికి డబ్బు తీసుకోను, ప్లేయర్ గాట్లు లేకపోతే.