ఓవెన్ హార్ట్ పేరు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఎందుకు లేదు?

అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ తన మేటి ఆటగాళ్ల పేర్లు చేర్చే హాల్ ఆఫ్ ఫేమ్ జాబితా తిరగేస్తే హార్ట్ కుటుంబం వాళ్లు చాలామందే కనిపిస్తారు. బ్రెట్ హార్ట్ 2006లో చేరాడు. తండ్రి స్టూ హార్ట్‌ను 2010లో చేర్చారు. 2019లో హార్ట్ ఫౌండేషన్ జట్టు పేరు మీద బావ జిమ్ నైడ్‌హార్ట్‌కు చోటు దక్కింది, బ్రెట్‌కు రెండోసారి. 2020 జాబితాలో ఇంకో బావ డేవీ బాయ్ స్మిత్. ఆ ఇంట్లో అందరికంటే చిన్నవాడు ఓవెన్ మాత్రం లేడు. కంపెనీకి అభ్యంతరమై కాదు. ఒప్పుకోనిది అతని భార్య మార్తా. కంపెనీ ఏటా జరిపే పెద్ద షో రెజిల్‌మేనియా దగ్గర పడిన ప్రతిసారీ అభిమానులు ఇదే గొడవ తవ్వుతారు. ఆమె మొండితనమని కొందరు, ఆమె హక్కని కొందరు.

ఈ వాదన 1999 మే 23 రాత్రి, అమెరికాలోని కాన్సస్ సిటీలో, కెంపర్ అరీనా పైకప్పు కింద మొదలైంది. దాని మూలాలు మాత్రం అంతకు ముందు నాలుగైదేళ్లలో ఉన్నాయి.

తొంభైల్లో చిన్నపిల్లలుగా ఉన్న మా తరానికి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (డబ్ల్యూడబ్ల్యూఈకి అప్పటి పేరు) అంటే కేబుల్ టీవీ, ట్రంప్ కార్డులు. ఎత్తు, బరువు, ఛాతీ, ఎన్ని ఫైట్లు గెలిచాడు అని కార్డు చూసి చదవడం, ఎదుటివాడి కార్డు లాక్కోవడం. అండర్‌టేకర్ ఏడుసార్లు చచ్చి బతికాడని మా వీధిలో ఒట్టేసి మరీ చెప్పేవాళ్లు. నేను పూర్తిగా నమ్మాను. శవపేటికలో పెట్టి మూత వేసినవాడు మళ్లీ లేచి వస్తుంటే నమ్మక ఏం చేస్తాం! ఆ నమ్మకం గుర్తొచ్చినప్పుడల్లా, ఆ రాత్రి అరీనాలో కూర్చున్న జనం కళ్లెదుట ఏం జరిగిందో వెంటనే ఎందుకు పోల్చుకోలేకపోయారో నాకు తెలుస్తుంది.

1995 సెప్టెంబరు 4న టెడ్ టర్నర్‌కు చెందిన పోటీ రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూ 'మండే నైట్రో' అనే టీవీ కార్యక్రమం మొదలుపెట్టింది. విన్స్ మెక్‌మాన్ నడిపే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ 'రా' కార్యక్రమం వచ్చేది కూడా సోమవారం రాత్రే. ఒకే రాత్రి, ఒకే వేళ, రెండు కంపెనీలు. 1996 జులైలో హల్క్ హోగన్ విలన్‌గా మారి ఎన్‌డబ్ల్యూఓ ముఠా కట్టాక నైట్రో రేటింగులు ఎగబాకాయి. వరసగా 83 వారాలు 'రా' వెనకబడింది. 1998 ఏప్రిల్‌లో గాని ఆ వరస తెగలేదు.

ఆ పోటీలో రెండు వైపులా ఒకటే ఆత్రం, ఇంతవరకు చూడనిది చూపించాలి. చూపించే చోటు కూడా ఏటేటా పైకి పోయింది. 1996 మార్చిలో రెజిల్‌మేనియాకు షాన్ మైకేల్స్ అరీనా పైనుంచి తీగ మీద జారుతూ వచ్చాడు. నైట్రోలో స్టింగ్ మొహానికి తెల్లరంగు పూసుకుని పైకప్పు నుంచి తాడు మీద దిగడం మొదలుపెట్టాక అదే అతని గుర్తు అయిపోయింది. 1998 జూన్ 28న పిట్స్‌బర్గ్‌లో అండర్‌టేకర్ ఇనుప పంజరం నెత్తి మీద నుంచి మ్యాన్‌కైండ్‌ను కింది బల్ల మీదికి విసిరేశాడు. పదహారడుగుల ఎత్తు. అది ముందే అనుకున్నదే గాని పడ్డ దెబ్బలు నిజమైనవి. 1999 మార్చిలో బిగ్ బాస్‌మ్యాన్‌ను పంజరానికి ఉరి తీసినట్టు వేలాడదీశారు. ఒకదాన్ని మించి ఇంకొకటి. ప్రతిసారీ మనిషి బతికే ఉన్నాడు కాబట్టి, ఎప్పటికీ బతికే ఉంటాడన్న ధీమా అందరిలోనూ చేరింది.

ఓవెన్ ఈ రకం మనిషి కాదు. 1965 మే 7న కెనడాలోని కాల్గరీలో పుట్టాడు. స్టూ, హెలెన్ హార్ట్‌లకు పన్నెండు మంది పిల్లలు, ఇతనే కడగొట్టువాడు. స్టూ ఇంటి నేలమాళిగలో ఒక చాప పరిచిన గది ఉండేది. ఆ గదికి 'డంజన్' అని పేరు. స్టూ పట్టు పడితే ఎంతటి వస్తాదైనా అరుపులు పెట్టాల్సిందేనని అక్కడ నేర్చుకున్నవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి గదిలో తర్ఫీదైన ఓవెన్‌కు గాల్లో తేలే ఆట కూడా అబ్బింది. డ్రెస్సింగ్ రూములో అతని అల్లరి గురించి తోటివాళ్లు చెప్పే కబుర్లు తరగవు. ఫోన్లో గొంతు మార్చి ఏడిపించడంలో అతన్ని మించినవాడు లేడంటారు. సంపాదించింది దాచుకుని, తొందరగా ఆట మానేసి భార్యాపిల్లల దగ్గర ఉండిపోవాలన్నది అతని ఆలోచన.

1994లో బ్రెట్, ఓవెన్‌ల మధ్య కథగా నడిపిన అన్నదమ్ముల తగవు డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో వచ్చిన మంచి కథల్లో ఒకటి. అన్న నీడలో నలిగిపోయిన తమ్ముడు దెబ్బతిన్న అన్న కాలినే తన్నాడు. ఆ మార్చిలో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన రెజిల్‌మేనియా మొదటి పోటీలో బ్రెట్‌ను ఓడించాడు. అందులో పంజరం లేదు, తీగ లేదు. ఇద్దరు మనుషులు, పట్లు, ఎత్తులు. అసలైన కుస్తీ అంటే ఏమిటో ఎవరికైనా చూపించాలంటే నేను ఇప్పటికీ అదే చూపిస్తాను.

1997 నవంబరు 9న మాంట్రియల్‌లో ఆ కుటుంబానికి కంపెనీతో చెడింది. బ్రెట్ డబ్ల్యూసీడబ్ల్యూకు వెళ్లిపోతున్నాడు. ఛాంపియన్‌షిప్ బెల్టు సొంత దేశంలో వదులుకోనన్నాడు. షాన్ మైకేల్స్ పట్టులో బ్రెట్ ఉండగా, అతను ఓటమి ఒప్పుకోకుండానే, మెక్‌మాన్ గంట కొట్టించేశాడు. తర్వాత బావలిద్దరూ బ్రెట్ వెంట వెళ్లిపోయారు. ఓవెన్ ఒప్పందం మిగిలి ఉంది, మెక్‌మాన్ వదల్లేదు. ఒక్కడే ఉండిపోయాడు.

అప్పటికి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కథల రంగు మారిపోయింది. బూతులు, అక్రమ సంబంధాలు, మందు. అలాంటి ఒక కథలో నటించమంటే ఓవెన్ కాదన్నాడని, పిల్లలు చూస్తారన్నది అతని బెంగ అని ఆ తర్వాత కుటుంబం చెప్పింది. అలా అతనికి పాత వేషం 'బ్లూ బ్లేజర్' తిరిగొచ్చింది. 1988లో అతను డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కు వచ్చిన కొత్తలో వేసిన వేషమే, నీలం ముసుగు, కేప్ కట్టుకున్న సూపర్‌హీరో. ఈసారి మాత్రం దాన్ని హాస్యపాత్ర చేశారు. పిల్లలూ పాలు తాగండి, విటమిన్లు వేసుకోండి అని బోధలు చేస్తూ తడబడి పడే హీరో. మర్యాదగా ఉండటమే నవ్వులపాలయ్యే విషయమన్నట్టు ఆ పాత్రను నడిపారు. ఆ సంగతి నన్ను ఈరోజుకీ బాధ పెడుతుంది.

మే 23న 'ఓవర్ ది ఎడ్జ్' అనే పే-పర్-వ్యూ. డబ్బు కట్టినవాళ్లకే ప్రత్యక్ష ప్రసారం. బ్లూ బ్లేజర్‌కు, ఇంటర్‌కాంటినెంటల్ ఛాంపియన్ గాడ్‌ఫాదర్‌కు పోటీ. ఓవెన్ పైకప్పు నుంచి తాడు మీద దిగాలి. స్టింగ్‌కు వెక్కిరింపు అన్నమాట. 1998 నవంబరులో ఒకసారి ఇలా దిగాడు కూడా. నవ్వు పుట్టాల్సింది చివర్లో. రింగుకు కాస్త పైన చిక్కుకుపోయి గిలగిలా కొట్టుకుని, కట్లు విప్పుకుని బోర్లా పడాలి.

చివర్లో అలా పడటం కోసం, లాగగానే విడిపోయే కొక్కెం కావాల్సి వచ్చింది. మనిషిని ఎత్తు నుంచి దించేటప్పుడు వాడే కొక్కేలకు తాళం ఉంటుంది. ఒకటి విడిపోయినా పట్టుకోవడానికి ఇంకొకటి ఉంటుంది. అన్ని కట్లు ఉంటే విప్పుకోవడానికి సమయం పడుతుంది, హాస్యం చెడుతుంది. అందుకని తెరచాప పడవల్లో వాడే రకం కొక్కెం పెట్టారు. గాలి తిరిగినప్పుడు చాప తాడు చప్పున వదలాలి, దాని తయారీయే అందుకోసం. తెరుచుకోవడానికి ఆరు పౌండ్ల లాగుడు చాలు, అంటే మూడు కిలోలు కూడా కాదు. వారానికి కూరగాయలు తెచ్చుకునే సంచికి అంతకంటే ఎక్కువ బరువుంటుంది. ఒక మనిషి నిండు ప్రాణం దాని మీద వేలాడింది.

ప్రసారంలో అప్పుడు ముందే తీసి పెట్టుకున్న బ్లేజర్ ఇంటర్వ్యూ నడుస్తోంది, అరీనాలో దీపాలు తగ్గించారు. పైన ఓవెన్ కేప్ సర్దుకుంటున్నప్పుడు కొక్కెం తెరుచుకుని ఉంటుందని తర్వాత అనుకున్నారు. దాదాపు 78 అడుగుల ఎత్తు నుంచి పడ్డాడు. మూల స్తంభానికి దగ్గరగా పై తాడు ఛాతీకి తగిలి, రింగులో పడ్డాడు. బొమ్మ పడిందనుకున్నామని అక్కడి ప్రేక్షకుల్లో కొందరు తర్వాత చెప్పారు. అన్నీ ఉత్తుత్తివని, అందులోనే మజా ఉందని వాళ్లకు ఏళ్ల తరబడి అలవాటు చేసిన ఆట అది.

కెమెరాలు రింగు వైపు తిప్పలేదు, జనాన్నే చూపించాయి. వ్యాఖ్యాత జెర్రీ లాలర్ బల్ల వదిలి రింగు దగ్గరికి పరిగెత్తాడు. జిమ్ రాస్ ఒక్కడే మైకు ముందు మిగిలాడు. ఇది ఆటలో భాగం కాదని, నిజంగా ప్రమాదమని ఆయన చెప్పాల్సి వచ్చింది, ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. రెజ్లింగ్ వ్యాఖ్యాత పని, జరిగేది నిజమేనని నమ్మించడం. ఇరవై ఏళ్లకు పైగా ఆ పని చేసిన గొంతు, నిజం జరిగిన రోజున దాన్ని నమ్మించడానికి అంత కష్టపడింది.

ఓవెన్‌ను స్ట్రెచర్ మీద ట్రూమన్ మెడికల్ సెంటర్‌కు తీసుకెళ్లారు. బతకలేదు. వయసు 34.

ఆట కొనసాగింది.

మార్తా 'వద్దు'కు అసలు కారణం ఇక్కడుంది. తర్వాతి పోటీకి జెఫ్ జారెట్ వెళ్లాలి. కొన్ని నెలల ముందు వరకు ఓవెన్‌తో కలిసి ట్యాగ్ టీమ్ ఛాంపియన్‌గా ఉన్న జారెట్, దగ్గరి స్నేహితుడు. అతను వెళ్లాడు. తర్వాత రాక్, ట్రిపుల్ హెచ్ వెళ్లారు. రింగులో రక్తపు మరకలున్నాయని అందులో ఆడినవాళ్లు తర్వాత చెప్పారు. దాదాపు గంట తర్వాత జిమ్ రాస్ టీవీ ప్రేక్షకులకు ఓవెన్ మరణవార్త చెప్పాడు. అరీనాలో ఉన్నవాళ్లకు మాత్రం ఎవరూ చెప్పలేదు. వాళ్లు చివరి పోటీ దాకా కూర్చున్నారు. స్టీవ్ ఆస్టిన్‌ను ఓడించి అండర్‌టేకర్ ఛాంపియన్ అయ్యాడు. మా వీధి పిల్లలు ఏడు ప్రాణాలున్నాయని నమ్మిన అండర్‌టేకర్, ఆ సాయంత్రమే ఒక మనిషి ప్రాణం పోగొట్టుకున్న రింగులో బెల్టు ఎత్తాడు.

ఆపేస్తే అంత జనం అదుపు తప్పేవాళ్లేమో అని కంపెనీని సమర్థించేవాళ్లు అంటారు. నాకు ఆ మాట ఎప్పుడూ ఎక్కలేదు. క్రికెట్ మైదానంలోనో సినిమా షూటింగులోనో మనిషి చనిపోతే ఆ పూట అక్కడ ఇంకేం జరగదు. జనం లేచి ఇంటికి వెళ్లిపోతారు.

మరునాడు రాత్రి సెయింట్ లూయిస్‌లో 'రా' మొత్తం ఓవెన్‌కు నివాళిగా నడిచింది. పదిసార్లు గంట మోగించారు. కండలు తిరిగిన మనుషులు కెమెరా ముందు వెక్కివెక్కి ఏడ్చారు. ఆ దుఃఖం నిజమైనది. కుటుంబానికి మాత్రం అది కూడా టీవీ కార్యక్రమమే. మే 31న కాల్గరీలో అంత్యక్రియలు జరిగాయి. అప్పటికి కొడుకు ఓజేకు ఏడేళ్లు, కూతురు అథీనాకు మూడేళ్లు.

మార్తా కోర్టుకు వెళ్లారు. హార్ట్ కుటుంబం అక్కడ చీలిపోయింది. తోబుట్టువుల్లో కొందరికి మెక్‌మాన్‌తో పని ఉంది, కొందరు ఆమె వైపు నిలబడ్డారు. 2000 నవంబరులో 1 కోటి 80 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. అందులోంచి ఓవెన్ హార్ట్ ఫౌండేషన్ పుట్టింది. డబ్బు లేని పిల్లల చదువులకు, సొంతిల్లు కొనుక్కోలేని కుటుంబాలకు అది సాయం చేస్తుంది.

ఆ తర్వాత వివాదం పేరు మీదికి, బొమ్మ మీదికి మళ్లింది. హార్ట్ కుటుంబం మీద తెచ్చిన ఒక డీవీడీలో ఓవెన్‌ను చూపించారని 2010లో మార్తా మళ్లీ దావా వేశారు. 2013లో అది కూడా రాజీతో ముగిసింది. 'ఓవర్ ది ఎడ్జ్'ను క్యాసెట్టుగా ఎన్నడూ అమ్మలేదు. 2014లో సొంత నెట్‌వర్క్‌లో పెట్టినప్పుడు మొదట ఓవెన్ ఫొటోతో నివాళి వేసి, ప్రమాదానికి సంబంధించిన భాగాలు కోసేశారు.

తమ్ముడి ఆట జనం మరిచిపోకూడదని, హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతను ఉండాలని బ్రెట్ ఏళ్లుగా అంటున్నాడు. అన్నగా, తోటి ఆటగాడిగా అతని బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఈ విషయంలో నేను మార్తా వైపే. తన భర్త ఎవరి పైకప్పు నుంచి పడ్డాడో, ఎవరు ఆట ఆపలేదో, వాళ్ల వేదిక మీదే అతని పేరుతో చప్పట్లు కొట్టించుకోవడం ఆమెకు ఇష్టం లేదు. ఆమె అడిగింది అంతకంటే ఏమీ లేదు.

ఆటంటేనే ఆమెకు కోపమనుకునేవాళ్లకు 2021లో జవాబు దొరికింది. కొత్త రెజ్లింగ్ కంపెనీ ఏఈడబ్ల్యూతో ఫౌండేషన్ ఒప్పందం చేసుకుంది. ఓవెన్ పేరు మీద ఏటా పోటీలు, మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి. మొదటి ఫైనల్స్ 2022 మే 29న లాస్ వేగాస్‌లో జరిగాయి, ఓవెన్ పోయి ఇరవై మూడేళ్లయిన వారంలో. ఆడమ్ కోల్, బ్రిట్ బేకర్ గెలిచారు. బహుమతులివ్వడానికి మార్తా వచ్చి మైకు అందుకున్నారు. అరీనా నిండా ఒకటే కేక: ఓవెన్, ఓవెన్.