తాగి నడిపితే పోయిన ప్రాణానికి బాధ్యత ఎవరిది? నేరం, నింద, చట్టం నడిచిన దారి

మద్యం తాగి వాహనం నడిపిన మనిషి వల్ల ఒక ప్రాణం పోయినప్పుడు, ఆ చావుకు అతన్ని ఎంతవరకు బాధ్యుణ్ణి చేయాలన్న ప్రశ్నకు ఒక్కో కాలం ఒక్కో జవాబు చెప్పింది. అతను చంపాలనుకోలేదు. చనిపోయినవారెవరో అతనికి తెలియదు. ఢీకొట్టిన క్షణంలో తానేం చేస్తున్నాడో కూడా అతనికి సరిగా తెలిసి ఉండకపోవచ్చు. ఇవన్నీ నిజమే అయినా, పోయినవారి ఇంట్లోవాళ్లకు వీటివల్ల ఏ ఊరటా కలగదు, కలగాల్సిన పనీ లేదు. తప్పు జరిగింది ఢీకొట్టినప్పుడా, తాగాక తాళంచెవి చేతిలోకి తీసుకున్నప్పుడా, లేక అంతకంటే ముందు, తిరిగి నడుపుకుంటూ వెళ్లాలని తెలిసి కూడా మొదటి గ్లాసు అందుకున్నప్పుడా అన్నదే అసలు చిక్కు. న్యాయ చరిత్రను వరుసగా చూస్తే, నింద క్రమంగా వెనక్కి, అంటే మనిషి ఇంకా పూర్తి తెలివిలో ఉన్న ఘడియ వైపు జరుగుతూ వచ్చిందని అర్థమవుతుంది. అలా జరగడమే న్యాయమని ఈ వ్యాసకర్త నమ్మకం.

ఈ ఆలోచన మోటారు వాహనాల కంటే చాలా పాతది. క్రీ.పూ. 6వ శతాబ్దంలో గ్రీకు నగరమైన మిటిలీనిని పాలించిన పిట్టకస్, మత్తులో నేరం చేసినవాడికి మామూలు నేరస్తుడి కంటే ఎక్కువ శిక్ష వేయాలని చట్టం చేశాడు. మత్తులో ఉన్నవాడికి తన పని తనకు తెలియకపోవచ్చునని, అయితే తాగకుండా ఉండడం అతని చేతిలోనే ఉంది కాబట్టి ఆ తెలియనితనానికి మూలం కూడా అతనేనని అరిస్టాటిల్ వాదించాడు. ఇంగ్లండులో 1551 నాటి ఒక తీర్పు ఇదే తర్కాన్ని ఇంకా కఠినంగా చెప్పింది. తాగిన మైకంలో చంపినవాడికి ఆ సమయంలో తెలివి లేకపోయినా, ఆ స్థితిని తానే తెచ్చుకున్నాడు గనుక ఉరి తప్పదన్నది దాని సారాంశం. తర్వాతి శతాబ్దాల్లో ఈ కాఠిన్యం కొంత తగ్గింది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 86వ సెక్షన్ మధ్యేమార్గం పట్టింది. ఇష్టపూర్వకంగా తాగినవాడికి, తాగకపోయి ఉంటే ఎంత ఎరుక ఉండేదో అంతా ఉన్నట్టే భావించాలని చెప్పి, నేరం చేయాలన్న ఉద్దేశం గురించి మాత్రం అలాంటి మాట చెప్పలేదు. ఫలితం ఎలా ఉంటుందో తెలిసి ఉండడానికి, ఆ ఫలితమే కావాలని కోరుకోవడానికి మధ్య గీసిన ఈ గీతే ఆ తర్వాత రోడ్డు మరణాల కేసుల్లో కీలకమైంది.

రోడ్డుకు సంబంధించిన మొదటి నిబంధనలు మాత్రం ఇంత లోతుకు వెళ్లలేదు. బ్రిటన్‌లో 1872 నాటి లైసెన్సింగ్ చట్టం, గుర్రపు బండ్లు, పశువులు, ఆవిరి యంత్రాలను తాగి తోలడాన్ని నేరం చేసింది. 1897లో లండన్‌లో ఒక ట్యాక్సీ డ్రైవరు తాగి భవనాన్ని ఢీకొట్టి జరిమానా కట్టాడు. మోటారు వాహనాల చరిత్రలో ఈ నేరం కింద శిక్ష పడిన మొదటి వ్యక్తిగా అతన్నే చెబుతారు. ఆ రోజుల్లో మనిషి తాగి ఉన్నాడా లేడా అన్నది చూపుకు తెలిసే సంగతి. తూలుతున్నాడా, మాట తడబడుతున్నదా, గీత మీద నడవగలడా అని పోలీసులు, వైద్యులు చూసేవారు. పైకి నిబ్బరంగా కనిపించిన డ్రైవరు ఎంత తాగినా తప్పించుకునేవాడు.

ప్రాణం పోయిన కేసుల్లో కథ ఇంకా అన్యాయంగా నడిచింది. రోడ్డు మీద జరిగిన మరణాన్ని నరహత్యగా (చంపాలన్న ఉద్దేశం లేకున్నా నేరమయ్యే, హత్య కంటే తక్కువ స్థాయి నేరంగా) నిరూపించాలంటే చాలా తీవ్రమైన నిర్లక్ష్యం కనిపించాలని, అప్పట్లో బ్రిటన్‌కు అత్యున్నత కోర్టుగా కూడా పనిచేసిన ప్రభువుల సభ 1937లో తేల్చింది. అంతటి నిర్లక్ష్యం కనిపించినా జ్యూరీలు దోషిగా తేల్చడానికి వెనకాడేవి. జ్యూరీలో కూర్చున్నవారిలో చాలామంది తామూ వాహనాలు నడిపేవారే, తామూ ఒకటి రెండు గ్లాసులు తాగి ఇంటికి వెళ్లినవారే. బోనులో నిలబడిన మనిషిలో వారికి హంతకుడు కనిపించలేదు, తమలాంటి మనిషే కనిపించాడు. ఈ సానుభూతి మనుషులకు సహజమే. దాని ఖరీదు మాత్రం కోర్టు దాకా రాలేని చనిపోయినవారే చెల్లించారు. చివరికి పార్లమెంటు 1956లో, ప్రమాదకరంగా నడిపి ప్రాణం తీయడాన్ని ప్రత్యేక నేరంగా సృష్టించింది. నరహత్య అనే మాట లేకుంటేనైనా జ్యూరీలు శిక్షకు ఒప్పుకుంటాయన్నది దాని వెనక ఉన్న లెక్క. పేరు తేలికైంది, శిక్ష కూడా గరిష్ఠంగా అయిదేళ్లకు పరిమితమైంది.

నిందను చూపు మీద ఆధారపడే స్థితి నుంచి తప్పించినది రసాయన శాస్త్రం. స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విడ్‌మార్క్ 1920లలో, వేలి నుంచి తీసిన కొద్దిపాటి రక్తంతో అందులోని ఆల్కహాలును కొలిచే పద్ధతిని రూపొందించాడు. 1936లో నార్వే, రక్తంలో ఆల్కహాలు 0.05 శాతం దాటితే చాలు, తూలినా తూలకపోయినా నేరమేనని చట్టం చేసి ప్రపంచానికి దారి చూపింది. అమెరికాలో వైద్య సంఘం, ప్రమాదాల నివారణకు పనిచేసే జాతీయ భద్రతా మండలి (నేషనల్ సేఫ్టీ కౌన్సిల్) కమిటీలు 1938లో 0.15 శాతాన్ని గీతగా సూచించాయి. ఇప్పుడు అక్కడ అత్యధిక రాష్ట్రాల్లో అమల్లో ఉన్న 0.08 శాతంతో పోలిస్తే అది దాదాపు రెండింతలు. 1954లో రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ తయారుచేసిన బ్రీత్ ఎనలైజర్‌తో రోడ్డు పక్కనే ఊపిరిని పరీక్షించడం సులువైంది. పదేళ్ల తర్వాత ఆయనే ఆధ్వర్యం వహించిన గ్రాండ్ ర్యాపిడ్స్ అధ్యయనం, ఆల్కహాలు పెరిగేకొద్దీ ప్రమాదం జరిగే అవకాశం ఎంత వేగంగా పెరుగుతుందో లెక్కలతో చూపింది. బ్రిటన్ 1967లో 100 మిల్లీలీటర్ల రక్తానికి 80 మిల్లీగ్రాముల (అంటే 0.08 శాతం) పరిమితి విధించింది.

ఈ గీతలు పోలీసుల పనిని సులువు చేయడంతో పాటు, నైతికంగా ఒక పెద్ద మార్పు కూడా తెచ్చాయి. పరిమితి ఎంతో ముందే ప్రకటించి, అది దాటితే ప్రాణాలు పోతాయని రుజువు చేశాక, నాకు తెలియదు అన్న మాటకు చోటు లేకుండా పోయింది. తాను బాగానే నడపగలనన్న నమ్మకం కూడా మత్తు పుట్టించే భ్రమల్లో ఒకటి. కాబట్టి నడపాలా వద్దా అన్న నిర్ణయం తాగక ముందే జరగాలి. తాగిన తర్వాత దానికి అక్కరకొచ్చే బుద్ధే మసకబారుతుంది.

బాధిత కుటుంబాలు గొంతు విప్పాకే ఈ సంగతి చట్టసభలకు, కోర్టులకు గట్టిగా వినిపించింది. 1980లో కాలిఫోర్నియాలో క్యాండేస్ లైట్నర్ అనే తల్లి, తన 13 ఏళ్ల కూతురిని చంపిన డ్రైవరు అప్పటికే ఇదే నేరానికి పలుమార్లు పట్టుబడినవాడని తెలిసి, తాగి నడపడానికి వ్యతిరేకంగా తల్లుల సంఘాన్ని స్థాపించింది. అనుకోకుండా జరిగిందన్న సర్దుబాటును ఆ తల్లులు ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది అదే రాష్ట్ర సుప్రీంకోర్టు, ఒక తల్లీ ఆరేళ్ల కూతురూ చనిపోయిన కేసులో, తాగి నడిపినవాడి మీద హత్యానేరం మోపవచ్చని తీర్పు ఇచ్చింది. అతను బారుకు కారులోనే వచ్చాడు కాబట్టి తాగాక మళ్లీ నడపాల్సి వస్తుందని ముందే తెలిసి ఉండాలన్నది న్యాయమూర్తులు ఎంచిన అంశాల్లో ఒకటి. ఆ తర్వాత కాలిఫోర్నియాలో మొదటిసారి పట్టుబడినవారికి కూడా, ఇకపై తాగి నడిపి ఎవరినైనా చంపితే హత్యానేరం మోపవచ్చని కోర్టులు హెచ్చరిస్తున్నాయి. ఆ మనిషి మళ్లీ కోర్టుకు వస్తే, ప్రమాదం సంగతి తనకు తెలియదని చెప్పలేడు.

భారతదేశంలో ఇదే ప్రశ్న పాత శిక్షాస్మృతిలోని రెండు సెక్షన్ల మధ్య పోటీగా వచ్చింది. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే 304ఎ కింద గరిష్ఠంగా రెండేళ్లు, మరణం సంభవించవచ్చని తెలిసి చేసిన పనికైతే 304 రెండో భాగం కింద పదేళ్ల వరకు శిక్ష ఉండేది. 2006లో ముంబయిలో పేవ్‌మెంట్ మీద నిద్రపోతున్న ఏడుగురు కూలీలు కారు కింద పడి చనిపోయిన కేసులో కింది కోర్టు మొదటి సెక్షన్‌తో సరిపెట్టింది. హైకోర్టు రెండోదాన్ని వర్తింపజేయగా, 2012లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. తాగి అడ్డగోలుగా నడిపేవాడికి దాని పర్యవసానం తెలిసి ఉన్నట్టేనన్న వాదన అలా నిలబడింది.

నింద వాహనం నడిపినవాడి దగ్గరే ఆగాలా అన్నది మరో వివాదం. ఒక్క తాగుబోతు దుర్మార్గుడి మీద వేలు చూపిస్తే, రాత్రి పూట బస్సు లేని ఊళ్లు, పార్కింగ్ స్థలంతో సహా అనుమతులు పొందే బార్లు, ఢీకొంటే మనిషిని కాపాడలేని వాహనాలు చర్చలోంచి జారిపోతాయని సామాజిక శాస్త్రవేత్త జోసెఫ్ గస్‌ఫీల్డ్ 1981లో హెచ్చరించాడు. ఇది ఆలోచించదగిన మాటే. అయితే నిందలో వాటాదారులు పెరిగితే నడిపినవాడి వాటా తగ్గాలన్న రూలేమీ లేదు. ఈ సంగతిని అందరికంటే స్పష్టంగా గుర్తించినది జపాన్. 2006లో ఫుకువోకాలో తాగిన డ్రైవరు కారణంగా ముగ్గురు చిన్నపిల్లలు చనిపోయిన తర్వాత, 2007లో అక్కడి చట్టం డ్రైవరు శిక్షను పెంచుతూనే, అతనికి మద్యం ఇచ్చినవారిని, వాహనం ఇచ్చినవారిని, తాగాడని తెలిసి కూడా తీసుకెళ్లమని అడిగి పక్కన కూర్చున్నవారిని కూడా నేరస్తులను చేసింది. ఇంట్లో విందు ఇచ్చినవారి విషయంలో న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1984లో బాధ్యత ఉందని, కెనడా సుప్రీంకోర్టు 2006లో సాధారణంగా లేదని తీర్పు ఇచ్చాయి.

మిగిలిన చిక్కు అదృష్టానికి సంబంధించినది. అంతే తాగి, అలాగే నడిపిన ఇద్దరిలో ఒకడికి దారిలో మనిషి అడ్డొస్తాడు, మరొకడు క్షేమంగా ఇల్లు చేరతాడు. తాగి పేవ్‌మెంట్ ఎక్కించిన డ్రైవరుకు అక్కడ మనుషులు లేకపోవడం నైతికంగా అదృష్టమేనని తత్వవేత్త థామస్ నేగెల్ 1976లో ఇదే ఉదాహరణ ఇచ్చాడు. చట్టాలు ఈ తేడాను తగ్గించకపోగా పెంచుతున్నాయి. బ్రిటన్‌లో తాగి నడిపి ప్రాణం తీస్తే 2022 నుంచి యావజ్జీవం వరకు వేయవచ్చు. ఎవరికీ హాని జరగకపోతే అదే నేరానికి గరిష్ఠ శిక్ష ఆరు నెలలు. చావుకు పెద్ద శిక్ష వేయడాన్ని ఈ వ్యాసకర్త తప్పుపట్టడం లేదు. అయితే రెండోవాడు చేసిన నిర్ణయం మొదటివాడు చేసిందే. 1967 చట్టం వచ్చిన కొత్తలో బ్రిటన్‌లో మరణాలు తగ్గి, పట్టుబడే అవకాశం తక్కువని జనానికి అర్థమయ్యాక ఆ ఫలితం కరిగిపోయింది. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్ 1982 చివర్లో ఎవరినైనా, ఎక్కడైనా ఆపి ఊపిరి పరీక్షించడం పెద్ద ఎత్తున మొదలుపెట్టి మరణాలను గణనీయంగా తగ్గించింది. డ్రైవరు ఊపిరిలో ఆల్కహాలు ఉంటే ఇంజిన్‌ను కదలనివ్వని ఇంటర్‌లాక్ పరికరాన్ని అమర్చుకునే వీలు, 2022 జులై నుంచి యూరోపియన్ యూనియన్‌లో కొత్త నమూనా వాహనాలకు తప్పనిసరి అయింది. పరికరాన్ని నిజంగా బిగించాలన్న ఆదేశం మాత్రం చాలా దేశాల్లో ఇప్పటికీ ఎక్కువగా, ఒకసారి దోషిగా తేలినవారికే వస్తోంది.