మన ఎంపీల చరిత్ర: పట్టికల్లోంచి జారిపోయిన పేర్లు, మనసుల్లో పాతుకుపోయిన అపోహలు

ఎన్నికలు వచ్చాయంటే పత్రికల్లో ‘నియోజకవర్గ ముఖచిత్రం’ అని ఒక బాక్సు ఐటెం పడుతుంది. ఇప్పటిదాకా గెలిచినవాళ్లెవరు, ఏ పార్టీ, ఏ సంవత్సరం, ఎంత మెజారిటీ. పాతికేళ్లుగా నా పని అదే. పత్రిక రెఫరెన్స్ విభాగంలో కూర్చుని, ఎన్నికల సంఘం నివేదికలూ లోక్‌సభ సభ్యుల పరిచయ గ్రంథాలూ ముందేసుకుని ఆ బాక్సులు తయారుచేయడం, జిల్లాల నుంచి వచ్చినవాటిని దిద్దడం. పదే పదే దిద్దాల్సి వచ్చిన సంగతులు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: 1952లో నల్గొండ ఎంపీ రావి నారాయణరెడ్డి. ఒక్కరే.

ఇద్దరు. రెండో ఆయన పేరు సుంకం అచ్చాలు. అప్పట్లో కొన్ని చోట్ల ద్విసభ్య నియోజకవర్గాలు ఉండేవి. ఒకటి జనరల్ సీటు, రెండోది షెడ్యూల్డ్ కులాలకో తెగలకో రిజర్వు చేసిన సీటు. రెండూ ఒకే నియోజకవర్గంలో, ఒకే ఎన్నికలో. ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు, అయితే రెండూ ఒకే అభ్యర్థికి వేయడానికి లేదు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉండటంతో వాళ్లు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. నల్గొండలో రెండు సీట్లూ ఆ ఫ్రంట్‌వే. కరీంనగర్‌లో మాత్రం రెండు పార్టీలు చెరొకటి గెలుచుకున్నాయి: బద్దం ఎల్లారెడ్డి ఫ్రంట్ నుంచి, ఎం.ఆర్. కృష్ణ అంబేద్కర్ స్థాపించిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ నుంచి. ఆ ఎన్నికల్లో దేశం మొత్తం మీద ఫెడరేషన్‌కు దక్కినవి రెండే లోక్‌సభ సీట్లు. అందులో ఒకటి మన కరీంనగర్‌ది. ఈ సంగతి ఆ ఊళ్లోనే చాలామందికి తెలియదంటే నాకు బాధగా ఉంటుంది.

పట్టికలో ఒక సంవత్సరానికి ఒకే గడి ఉంటుంది. అందులో ఒక పేరే పడుతుంది. జారిపోయేది దాదాపు ప్రతిసారీ దళితుల పేరో, గిరిజనుల పేరో. ఇది నేనూ చేసిన తప్పే. కొత్తలో నేను చూసి పంపిన నల్గొండ బాక్సులో ఒకే పేరు అచ్చయింది. వారం తిరగకుండా ఒక పాఠకుడు కార్డు రాశారు: ‘అచ్చాలు గారు ఏరీ?’ ఆ ఒక్క ప్రశ్నతో 1952, 1957 పట్టికలన్నీ మళ్లీ మొదటి నుంచి రాసుకున్నాను.

దీన్ని ఆనుకునే ఇంకో కథ ఉంది. నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చినందుకు పార్లమెంటు భవనాన్ని రావి నారాయణరెడ్డి చేత ప్రారంభింపజేశారని. ఓట్ల మాట నిజం. ఆయనకు 3 లక్షల 9 వేల పైచిలుకు, నెహ్రూకు 2 లక్షల 33 వేల పైచిలుకు. నెహ్రూ గెలిచిన అలహాబాద్ తూర్పు - జౌన్‌పూర్ పశ్చిమ కూడా ద్విసభ్య స్థానమే కాబట్టి పోలిక సరైనదే. భవనం మాట మాత్రం నిజం కాదు. దాన్ని 1927 జనవరిలోనే వైస్రాయ్ ఇర్విన్ ప్రారంభించాడు. మొదటి లోక్‌సభ కూర్చున్నది 1952 మే 13న. తెలంగాణ సాయుధ పోరాటం నుంచి వచ్చిన మనిషి దేశంలోకెల్లా ఎక్కువ ఓట్లతో సభకు వెళ్లాడు. ఆ ఘనతకు ఇంకో కథ తోడు అక్కర్లేదు.

1952, 1957 ఫలితాల్లో శాతాలు లెక్కగట్టేవాళ్లకు ఒక మాట. పోలైన ఓట్లు ఓటర్ల సంఖ్యను మించిపోయినట్టు కనిపిస్తే కంగారు పడకండి. మనిషికి రెండు ఓట్లు.

అపోహ: ఎస్టీ, ఎస్సీ అభ్యర్థులు రిజర్వుడు సీట్లోనే గెలిచేవారు.

పార్వతీపురం, 1957. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన ఫలితం. పోటీలో ఉన్నది వి.వి. గిరి. 1952లో పాతపట్నం నుంచి గెలిచి, కేంద్రంలో కార్మిక మంత్రిగా చేసిన మనిషి. ద్విసభ్య స్థానంలో లెక్క ఇలా ఉండేది: రిజర్వుడు సీటుకు అర్హులైనవారిలో ఎక్కువ ఓట్లు వచ్చినవారిని ముందు గెలిచినట్టు ప్రకటిస్తారు. ఆ తర్వాత మిగిలినవాళ్లందరిలో, ఏ కులమైనా తెగైనా సరే, ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లది జనరల్ సీటు. అలా బిడ్డిక సత్యనారాయణ రిజర్వుడు సీటు గెలిచారు. జనరల్ సీటులో గిరి గారిని దాటి డిప్పల సూరిదొర గెలిచారు. ఇద్దరూ గిరిజనులే. రిజర్వుడు సీటుకు నామినేషన్ వేసిన మనిషికి జనరల్ సీటు ఎలా ఇస్తారని గిరి కోర్టుకెక్కారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1959లో కోర్టు ఆయన అప్పీలు కొట్టేసింది. షెడ్యూల్డ్ తెగ అభ్యర్థికి రిజర్వుడు సీటు అదనపు రక్షణే గానీ, జనరల్ సీటుకు అడ్డుగోడ కాదని దాని సారాంశం. 1961లో చట్టం చేసి ద్విసభ్య స్థానాలు ఎత్తేశారు. 1962 నుంచి ఏ స్థానానికైనా ఒక్కరే.

ఓడిన గిరి గవర్నరై, ఉపరాష్ట్రపతై, 1969లో రాష్ట్రపతి అయ్యారు. గెలిచిన సూరిదొర గురించి నాలుగు వాక్యాలు రాద్దామన్నా సమాచారం దొరకడం గగనం.

అపోహ: 1952లో గెలిచినవాళ్లు ఆంధ్రప్రదేశ్ తొలి ఎంపీలు.

అప్పటికి ఆంధ్రప్రదేశే లేదు. కోస్తా, సీమ వాళ్లు మద్రాసు రాష్ట్రం నుంచి, తెలంగాణ వాళ్లు హైదరాబాద్ రాష్ట్రం నుంచి వెళ్లారు. ఆ హైదరాబాద్ జాబితాలో మరాఠ్వాడా, కన్నడ జిల్లాలూ ఉంటాయి. స్వామి రామానంద తీర్థ గెలిచింది గుల్బర్గా నుంచి. ఆంధ్రప్రదేశ్ పేరుతో మొదటి లోక్‌సభ ఎన్నిక 1957ది, 43 సీట్లు. 1967లో 41, 1977 నుంచి 2014 విభజన దాకా 42.

అపోహ: 42 మారలేదు కాబట్టి నియోజకవర్గాలూ మారలేదు.

నియోజకవర్గాల పునర్విభజనతో 2009లో ఏడు పేర్లు పోయాయి: పార్వతీపురం, బొబ్బిలి, భద్రాచలం, తెనాలి, సిద్దిపేట, హన్మకొండ, మిర్యాలగూడ. ఏడు వచ్చాయి: అరకు, విజయనగరం, మహబూబాబాద్, భువనగిరి, చేవెళ్ల, మల్కాజ్‌గిరి, జహీరాబాద్. పేరు నిలిచిన చోట్ల కూడా అసెంబ్లీ సెగ్మెంట్లు అటూ ఇటూ అయ్యాయి. ‘ఈ సీటు ఆ పార్టీ కంచుకోట’ అని రాసేముందు హద్దులు చూడాలి. లేకపోతే వేరే ఊళ్ల ఓట్లను ఈ ఊళ్ల ఖాతాలో వేసినట్టే.

అపోహ: లోక్‌సభకు మన నుంచి వెళ్లిన మొదటి ప్రాంతీయ పార్టీ తెలుగుదేశం.

1971లోనే తెలంగాణ ప్రజా సమితి పది సీట్లు గెలిచింది. ఆ తర్వాత కాంగ్రెస్‌లో కలిసిపోవడంతో జనం మరిచారు. 1984లో తెలుగుదేశం 30 సీట్లతో సభలో రెండో పెద్ద పార్టీ అయిన మాట నిజమే. ‘అధికారిక ప్రతిపక్షం’ అనడం మాత్రం తప్పు. సభలో పదో వంతు బలం లేనందున ప్రతిపక్ష నేత హోదా ఎవరికీ దక్కలేదు. అప్పటి ఆ పార్టీ ఆదిలాబాద్ ఎంపీ సి. మాధవరెడ్డి 1952లోనూ అక్కడి నుంచే, సోషలిస్టుగా గెలిచినవారు. మధ్యలో 32 ఏళ్ల ఎడం. ఇక కాంగ్రెసేతర పార్టీల కూటమి నేషనల్ ఫ్రంట్‌కు చైర్మన్‌గా ఉన్న ఎన్టీఆర్ ఎంపీ కూడా అయ్యుంటారని చాలామంది అనుకుంటారు. ఆయన ఏనాడూ పార్లమెంటు సభ్యుడు కాదు.

అపోహ: ఇందిరాగాంధీ చివరిదాకా రాయ్‌బరేలీ ఎంపీ.

1980లో ఆమె మెదక్, రాయ్‌బరేలీ రెండూ గెలిచి మెదక్ ఉంచుకున్నారు. 1984 అక్టోబర్ 31న హత్యకు గురైన నాటికి ఆమె మెదక్ ఎంపీ.

అపోహ: ప్రధాని అయ్యేనాటికే పీవీ నంద్యాల ఎంపీ.

1991 జూన్‌లో ప్రమాణం చేసినప్పుడు ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదు. గంగుల ప్రతాపరెడ్డి నంద్యాల ఖాళీ చేశాక నవంబర్ ఉపఎన్నికలో 5 లక్షల 80 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. తెలుగుబిడ్డ ప్రధాని అయ్యాడని తెలుగుదేశం పోటీ పెట్టలేదు. అంత పెద్ద అంకె రాసేటప్పుడు ఈ ఒక్క వాక్యమూ పక్కన రాయాలి. 1984లో హన్మకొండలో బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడినా పీవీ సభకు దూరం కాలేదు. అదే ఎన్నికలో మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి గెలిచారు. నంద్యాలకు ఇంకో విశేషం ఉంది. 1977లో రాష్ట్రంలో 41 సీట్లు కాంగ్రెస్‌వి, జనతాకు దక్కిన ఒక్కటీ నంద్యాల. గెలిచింది నీలం సంజీవరెడ్డి. స్పీకరై, కొన్ని నెలలకే రాష్ట్రపతి అయ్యారు.

మనవాళ్లలో లోక్‌సభ స్పీకర్లంటే జనానికి వెంటనే గుర్తొచ్చేది సంజీవరెడ్డి, ఆ పదవి చేపట్టిన తొలి దళితుడు బాలయోగి. వాళ్లకు ముందు 1956 నుంచి 1962 దాకా మాడభూషి అనంతశయనం అయ్యంగార్ ఉన్నారు. మొదటి లోక్‌సభకు తిరుపతి నుంచి, రెండోదానికి చిత్తూరు నుంచి వెళ్లారు.

మహిళలు ఈమధ్యే వచ్చారన్నదీ సరికాదు. 1957లోనే విజయవాడ నుంచి డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ, ఏలూరు నుంచి మోతే వేదకుమారి, వికారాబాద్ నుంచి సంగెం లక్ష్మీబాయి గెలిచారు. ఖమ్మంలో టి. లక్ష్మీకాంతమ్మ 1962 నుంచి వరుసగా మూడుసార్లు.

చివరిగా, కుర్ర విలేకరులు అచ్చుతప్పనుకునేది ఒకటి. 2014లో రాష్ట్రం విడిపోయేటప్పుడు ఉమ్మడి రాష్ట్రానికి ఉన్న 18 మంది రాజ్యసభ సభ్యులను లాటరీ తీసి పంచారు: ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7. సొంతూరు ఎక్కడన్నది ఆ చీటీలు చూడలేదు. అందుకే 2020 దాకా తెలంగాణ నేత కె. కేశవరావు పేరు ఎదుట ఆంధ్రప్రదేశ్ అని, 2018 దాకా ఆంధ్రప్రదేశ్ నేత సి.ఎం. రమేశ్ పేరు ఎదుట తెలంగాణ అని కనిపిస్తుంది. అవి సరిగానే ఉన్నాయి, దిద్దకండి.